చవక గ్లో ఇంజిన్‌ని దారికి తెచ్చుకోవడం: బ్రేక్-ఇన్ నుంచి నీడిల్ సెట్టింగ్ దాకా

మోడల్ విమానాలకి పెట్టే చవక గ్లో ఇంజిన్ అనగానే చాలామంది చెప్పే మాటలు మూడే: స్టార్ట్ కాదు, గాల్లో ఆగిపోతుంది, సెట్టింగ్ నిలవదు. ఈ చెడ్డపేరులో నిజం కొంతే ఉంది. క్రాంక్‌కేస్, షాఫ్ట్, పిస్టన్, స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) లాంటి పెద్ద భాగాలు చవక ఇంజిన్‌లో కూడా చాలావరకు బాగానే ఉంటాయి. తేడా వచ్చేది చివరి పనిలో. లోపలి లోహపు తునకలు కడగడం, కార్బ్యురేటర్ జాయింట్ల దగ్గర గాలి లీక్ కాకుండా చూడడం, స్క్రూలన్నీ సమంగా బిగించడం లాంటివి ఖరీదైన ఇంజిన్‌కి ఫ్యాక్టరీలోనే అయిపోతాయి, దీనికి మనం చేసుకోవాలి. ఒక సాయంత్రం కూర్చుని ఆ పని చేసేసి, తర్వాత బ్రేక్-ఇన్‌కి, అంటే కొత్త ఇంజిన్‌ని కొద్దికొద్దిగా నడిపి భాగాలు కుదురుకునేలా చేయడానికి, ఓపిక పెడితే, ఇంజిన్ ఏళ్ల తరబడి నమ్మకంగా తిరుగుతుంది. అందుకే ఈ గైడ్‌లో నీడిల్ (ఫ్యూయల్ ఎంత వెళ్లాలో తేల్చే సూది స్క్రూ) సంగతి ఆలస్యంగా వస్తుంది.

ఉదాహరణకి .46 సైజు టూ-స్ట్రోక్ తీసుకుంటున్నాను. .46 అంటే క్యూబిక్ అంగుళాల లెక్క, మన లెక్కలో దాదాపు 7.5 సీసీ. ట్రైనర్ విమానాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఏఎస్‌పీ, ఎస్‌సీ, మాగ్నమ్ పేర్లతో వచ్చిన చైనా ఇంజిన్లు, థండర్ టైగర్ జీపీ-42, ఓఎస్ 46 ఎల్ఏ లాంటివన్నీ ఈ కోవలోవే. .25 అయినా .61 అయినా పద్ధతి ఇదే, ప్రొపెల్లర్ సైజు మాత్రం మారుతుంది.

ముందు పిస్టన్ ఏ రకమో చూసుకోండి

బ్రేక్-ఇన్ ఎలా చేయాలో తేల్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇప్పటి చిన్న ఇంజిన్లలో ఎక్కువ భాగం ఏబీసీ లేదా ఏబీఎన్ రకం: అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్, స్లీవ్ లోపల క్రోమ్ లేదా నికెల్ పూత, రింగు ఉండదు. స్లీవ్ పైభాగం కావాలనే కొంచెం ఇరుకుగా చేస్తారు. అందుకే కొత్త ఇంజిన్‌ని చేత్తో తిప్పితే పిస్టన్ పైకి వచ్చేసరికి గట్టిగా పట్టేస్తుంది, ఒక్కోసారి కీచుమంటుంది. అది లోపం కాదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఇత్తడి స్లీవ్ పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అప్పుడు రెండింటి మధ్య సరైన సందు ఏర్పడుతుంది.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. పాతకాలం సలహా ప్రకారం ఏబీసీ ఇంజిన్‌ని బాగా రిచ్‌గా, అంటే ఫ్యూయల్ ఎక్కువగా పెట్టి, ట్యాంకులకి ట్యాంకులు చల్లగా తిప్పారనుకోండి, స్లీవ్ తెరుచుకోదు, పిస్టన్ ప్రతి స్ట్రోక్‌కీ ఆ ఇరుకులోకి దూరుతూ అరిగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ మీద అనవసరమైన లోడ్ పడుతుంది. ఏబీసీకి వేడి కావాలి, అదే సమయంలో ఆయిల్ కూడా దండిగా అందాలి. రింగు ఉన్న ఇంజిన్ సంగతి వేరు, దానికి ఆ పాత రిచ్ పద్ధతే సరైనది. మీది ఏ రకమో ఇంజిన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. కాగితం లేకపోతే ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చ్ వేసి చూడండి, రింగు ఉంటే పిస్టన్ అంచు దగ్గర గీతలా కనిపిస్తుంది.

కడగడం, బిగించడం, లీకులు మూయడం

వెనక బ్యాక్‌ప్లేట్ స్క్రూలు నాలుగూ తీయండి. లోపల మెషీనింగ్ తునకలు కనిపించవచ్చు, కనిపించకపోయినా కడగాల్సిందే. శుభ్రమైన కిరోసిన్ గానీ మెథనాల్ గానీ పోసి, షాఫ్ట్ తిప్పుతూ రెండు మూడుసార్లు కడిగి పారబోయండి. మెథనాల్ అయితే ఆరుబయట, నిప్పుకి దూరంగా, చేతికి గ్లవ్స్ వేసుకుని. గ్లో ప్లగ్ తీసి ఆ రంధ్రం దగ్గర కూడా తునకలు ఉన్నాయేమో చూడండి. స్లీవ్, పిస్టన్ ఊడదీయాల్సిన అవసరం లేదు, వాటిని కదపకండి. కడిగాక సన్నని మెషీన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి తిప్పండి.

మళ్లీ బిగించేటప్పుడు హెడ్ స్క్రూలు ఒక వరసలో కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బ్యాక్‌ప్లేట్ గ్యాస్కెట్ చిరిగి ఉంటే మార్చండి. దొరక్కపోతే వేడికి తట్టుకునే సిలికాన్ సీలెంట్ పల్చగా రాసి, లోపలికి కారకుండా బిగించి, ఒక రాత్రి ఆరనివ్వండి.

ఇక కార్బ్యురేటర్. చవక ఇంజిన్ల కష్టాల్లో సగానికి సగం ఇక్కడే పుడతాయని నా గట్టి అభిప్రాయం. కార్బ్యురేటర్ మెడ కింద ఒక ఓ-రింగ్ ఉంటుంది, అది సరిగ్గా నొక్కుకోకపోతే గాలి పక్కనుంచి దూరి ఇంజిన్ తన ఇష్టమొచ్చినట్టు లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై ఫ్యూయల్ తక్కువవుతుంది, మీరు నీడిల్ ఎంత తిప్పినా నిలకడ రాదు. బిగించే స్క్రూ వదులు చేసి, కార్బ్యురేటర్‌ని బొటనవేలితో కిందికి గట్టిగా నొక్కిపట్టి, అలా నొక్కి ఉంచే స్క్రూ బిగించండి. రెండోది నీడిల్ మొదట్లో ఉండే బుల్లి ఓ-రింగ్. నీడిల్ ఊగుతూ ఉంటే, నీడిల్ హోల్డర్ మీద, నీడిల్ మీద రెండింటినీ కలిపి పట్టేలా చిన్న సిలికాన్ ఫ్యూయల్ ట్యూబు ముక్క తొడగండి. గాలి దూరదు, వైబ్రేషన్‌కి నీడిల్ తిరగదు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, ఫలితం మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇంజిన్‌తో ఉచితంగా వచ్చిన ప్లగ్‌ని పక్కన పెట్టేయండి. ఓఎస్ నంబర్ 8 లాంటి పేరున్న మీడియం (మధ్యరకం వేడి ఉండే) ప్లగ్ ఒకటి కొనండి. ఈ ప్లగ్‌లో ఉండేది ప్లాటినం కలిసిన తీగ, మెథనాల్ ఆవిరి తగిలితే రసాయన చర్య వల్ల అది ఎర్రగానే ఉండిపోతుంది. అందుకే స్టార్ట్ అయ్యాక ప్లగ్‌ని వేడిచేసే 1.5 వోల్టుల గ్లో డ్రైవర్ తీసేసినా ఇంజిన్ ఆగదు. 1947లో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ని మార్కెట్‌లోకి తెచ్చాక చిన్న ఇంజిన్లకి స్పార్క్ కాయిల్, బ్యాటరీ మోసే బాధ తప్పింది. ప్లగ్ పాడైతే లక్షణాలన్నీ నీడిల్ తప్పు సెట్టింగ్‌లాగే ఉంటాయి, కాబట్టి అనుమానం వచ్చినప్పుడు ముందు మార్చాల్సింది ప్లగ్‌నే.

ఫ్యూయల్

గ్లో ఫ్యూయల్ అంటే మెథనాల్, ఆయిల్, కొంచెం నైట్రోమీథేన్. ఆయిల్ మొత్తంలో 18 నుంచి 20 శాతం ఉండాలి, బ్రేక్-ఇన్‌కి 20 కంటే తగ్గించకండి, అందులో కనీసం సగం ఆముదం ఉంటే మంచిది. సింథటిక్ ఆయిల్ శుభ్రంగా ఉంటుంది గానీ ఇంజిన్ లీన్ అయి బాగా వేడెక్కినప్పుడు కాలిపోతుంది. ఆముదం ఆ వేడికి చిక్కబడి లోహానికి అంటుకుని కాపాడుతుంది. బాల్ బేరింగులు లేకుండా బుషింగ్ మీద తిరిగే ఇంజిన్లకి ఆముదం మరీ అవసరం. పాలమూరు, నల్గొండ వైపు తరతరాలుగా పండే పంటే ఇది, అయితే కొనేది మాత్రం మందుల గ్రేడ్ శుద్ధ ఆముదమే అయ్యుండాలి. సువాసన కలిపిన తలనూనె, వేరే నూనె కలిసినవి పనికిరావు.

నైట్రో 5 నుంచి 10 శాతం ఉంటే ఐడిల్, అంటే కనీస వేగంలో తిరగడం, నిలకడగా ఉంటుంది, స్టార్టింగ్ తేలిక. మన దగ్గర అది ఖరీదు, దొరకడమూ కష్టం. అందుకని చాలామంది 80 శాతం మెథనాల్, 20 శాతం ఆయిల్‌తోనే నడుపుతారు. స్పోర్ట్ ఇంజిన్లు అలా బాగానే తిరుగుతాయి, కొంచెం హాట్ ప్లగ్ వేసి ఐడిల్ కాస్త పైన పెట్టుకుంటే చాలు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: నైట్రో శాతం మారిన ప్రతిసారీ నీడిల్ మళ్లీ సెట్ చేయాలి. నైట్రో పెరిగితే నీడిల్ తెరవాలి, తగ్గితే కొంచెం మూయాలి.

మెథనాల్ విషయంలో మాత్రం ఏ రాజీ వద్దు. అది విషం. కొంచెం కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ బాటిళ్లలో ఎప్పుడూ పోయకండి, పేరు రాసిన డబ్బాలో, పిల్లలకి అందని చోట పెట్టండి. పగటి వెలుగులో దాని మంట కనపడదు, అందుకే స్టాండ్ దగ్గర బకెట్ నీళ్లో, అగ్నిమాపక సిలిండరో ఉండాలి. ఇది గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో ఫ్యూయల్ త్వరగా పాడవుతుంది, ఆ పాత ఫ్యూయల్‌తో ట్యూనింగ్‌కి కూర్చుంటే రోజంతా వృథా.

స్టాండ్, ట్యాంక్, ప్రొపెల్లర్

బ్రేక్-ఇన్ విమానం మీద కాకుండా స్టాండ్ మీద చేయండి. మందపాటి చెక్కకి బోల్టులతో బిగించి, ఆ చెక్కని బల్లకి కదలకుండా క్లాంప్ చేయండి. కింద దుమ్ము, కంకర ఉండకూడదు. ట్యాంక్ మధ్యగీత నీడిల్ వాల్వ్ ఎత్తుకి సమానంగా గానీ ఒక సెంటీమీటర్ కిందగా గానీ ఉండాలి. మఫ్లర్ నుంచి ప్రెషర్ ట్యూబు ట్యాంక్‌కి పెట్టండి, ఫ్యూయల్ లైన్‌లో ఫిల్టర్ ఒకటి వేయండి.

ఏబీసీ బ్రేక్-ఇన్‌కి మామూలు కంటే కొంచెం తేలికైన ప్రొపెల్లర్ వాడాలి. .46 కి ఎగరేటప్పుడు 11×6 (వ్యాసం 11 అంగుళాలు, పిచ్ 6 అంగుళాలు) వేస్తే, బ్రేక్-ఇన్‌కి 10×6 వేయండి. లోడ్ తక్కువ కాబట్టి ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది, ఇంజిన్‌కి కావాల్సిన వేడి వస్తుంది, రాడ్ మీద భారం పడదు. ప్రొపెల్లర్‌ని బ్యాలెన్స్ చేయకుండా పెట్టకండి. అంచులో పగులు ఉన్నదాన్ని విరిచి పారేయండి, దాచుకోకండి. నడిచేటప్పుడు మీరు ఎప్పుడూ వెనకే ఉండాలి, తిరిగే ప్రొపెల్లర్‌కి సమాంతరంగా పక్కన ఎవరూ నిలబడకూడదు. మెడలో ట్యాగ్, చున్నీ, వదులు చేతులు ఉండకూడదు. వేలితో తిప్పకండి, చికెన్ స్టిక్ (ప్రొపెల్లర్ తిప్పడానికి వాడే కర్ర) గానీ స్టార్టర్ గానీ వాడండి.

కొత్త ఏబీసీ చల్లగా ఉన్నప్పుడు పైన మరీ గట్టిగా పట్టేస్తుంటే ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో బలవంతం చేయకండి, రాడ్ వంగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ని చెయ్యి పెట్టలేనంత వేడి చేయండి, పిస్టన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో మీకే తెలుస్తుంది. స్టార్టర్ పెట్టే ముందు ప్రతిసారీ ఒక పూర్తి చుట్టు చేత్తో తిప్పి చూడండి, లోపల ఫ్యూయల్ నిండిపోయి ఉంటే అడ్డుపడుతుంది. అలా అయితే ప్లగ్ తీసి, ఇంజిన్ తలకిందులు చేసి, తిప్పి బయటికి పంపేయండి.

మొదటి రన్‌లు

నీడిల్ పూర్తిగా మూసి, అక్కణ్ణుంచి రెండున్నర మూడు చుట్లు తెరవండి. థ్రాటిల్ పావు వంతు. గ్లో డ్రైవర్ పెట్టకుండా, కార్బ్యురేటర్ నోటికి వేలు అడ్డం పెట్టి ప్రొపెల్లర్‌ని రెండు మూడుసార్లు తిప్పితే ఫ్యూయల్ ట్యూబులో నడిచి రావడం కనిపిస్తుంది. ఇప్పుడు గ్లో డ్రైవర్ పెట్టి స్టార్ట్ చేయండి.

స్టార్ట్ అయ్యాక కొన్ని క్షణాలు ఆగి థ్రాటిల్ పూర్తిగా తెరవండి, గ్లో డ్రైవర్ తీసేయండి. ఇప్పుడు పొగ దట్టంగా వస్తూ, గరగరమని ముతక శబ్దం వినిపిస్తుంది. ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారే మండుతోందన్నమాట, దీన్నే ఫోర్-సైక్లింగ్ అంటారు. నీడిల్‌ని మెల్లగా మూస్తూ పోతే శబ్దం ఒక్కసారిగా సన్నబడి గుయ్‌మని మారుతుంది, అది టూ-సైకిల్. ఏబీసీ ఇంజిన్‌ని ఈ రెండింటి సరిహద్దులో, ఆ శబ్దం ఇటూ అటూ మారుతూ ఉండే చోట నిలపాలి. అక్కడ వేడీ ఉంటుంది, ఆయిలూ ఉంటుంది. ఈ సరిహద్దుని చెవితో పట్టుకోవడం వస్తే ట్యూనింగ్‌లో కష్టమైన భాగం అయిపోయినట్టే, కాబట్టి తొందరపడకుండా నీడిల్ రెండు క్లిక్కులు అటు, రెండు క్లిక్కులు ఇటు తిప్పి బాగా వినండి.

ఒకటి రెండు నిమిషాలు నడిపి, థ్రాటిల్ పూర్తిగా మూసి ఆపేయండి. ఆపగానే ప్రొపెల్లర్ తిప్పి పిస్టన్‌ని కిందికి తెచ్చి ఉంచండి, లేకపోతే స్లీవ్ చల్లబడుతూ ఆ ఇరుకు భాగంలో పిస్టన్‌ని బిగపడుతుంది. హెడ్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి, నిజంగా చల్లారాలి. బ్రేక్-ఇన్‌లో సగం పని ఈ వేడెక్కడం, చల్లారడంలోనే జరుగుతుంది. లోహం సర్దుకునేది అప్పుడే. వరసగా ట్యాంకంతా తగలేస్తే గంట మిగలొచ్చు గానీ ఇంజిన్‌కి మేలు జరగదు.

ఇలా అయిదారు చిన్న రన్‌ల తర్వాత, నడుస్తున్నప్పుడు ఫ్యూయల్ ట్యూబుని క్షణంపాటు వేళ్లతో నొక్కి వదలండి. శుభ్రమైన టూ-సైకిల్‌లోకి వెళ్లి, వదలగానే వెనక్కి రావాలి. రన్ రన్‌కీ ఆ టూ-సైకిల్ సమయం కొంచెం పెంచుతూ పోండి. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట నడిచాక పరీక్షించండి: నీడిల్‌ని పీక్ (ఆర్‌పీఎం అన్నిటికంటే ఎక్కువ వచ్చే చోటు) దగ్గరికి తెచ్చి పది పదిహేను సెకన్లు ఉంచితే ఆర్‌పీఎం నిలబడాలి. మెల్లగా కుంగిపోతూ ఉంటే ఇంకా బిగుతుగా ఉందని అర్థం, వెంటనే రిచ్ చేసి ఇంకో ట్యాంక్ నడపండి.

రింగు ఇంజిన్ అయితే మామూలు ప్రొపెల్లరే వేసి, మొదటి రెండు ట్యాంకులు పూర్తి ఫోర్-సైకిల్‌లో, తర్వాతి రెండు కొద్దికొద్దిగా టూ-సైకిల్ కలుపుతూ నడపాలి. రింగు కుదురుకోవడానికి గంట పైనే పట్టవచ్చు.

బ్రేక్-ఇన్‌లో మఫ్లర్ బోల్టులు, హెడ్ స్క్రూలు తప్పకుండా వదులవుతాయి. చల్లారిన ప్రతిసారీ చూసి బిగించండి, ప్రొపెల్లర్ నట్ కూడా.

హై స్పీడ్ నీడిల్

ఇప్పుడు ఎగరేసే ప్రొపెల్లర్ వేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఫుల్ థ్రాటిల్‌లో నీడిల్ మెల్లగా మూస్తూ పీక్ కనుక్కోండి, అక్కణ్ణుంచి 300 నుంచి 500 ఆర్‌పీఎం తగ్గేలా తెరవండి. ఆర్‌పీఎం కొలిచే ట్యాకోమీటర్ లేకపోతే ట్యూబు నొక్కి చూడండి: నొక్కగానే ఆర్‌పీఎం కొంచెం పెరిగితే సరిపోయింది. పెరక్కుండా కుంగిపోతే లీన్, ఎక్కువగా ఎగబాకితే మరీ రిచ్. 11×6 మీద నిమిషానికి 11,000 నుంచి 12,500 వస్తుంటే మామూలు .46 కి మంచి లెక్కే. పక్కవాళ్ల ఇంజిన్ 500 ఎక్కువ తిరుగుతోందని నీడిల్ ఇంకా మూయకండి.

తర్వాత ముక్కు పైకెత్తే పరీక్ష. విమానాన్ని వెనకనుంచి గట్టిగా పట్టుకుని, ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఆకాశం వైపు ఎత్తి పది సెకన్లు ఉంచండి. శబ్దం నిలకడగా ఉండాలి, కొంచెం పెరిగినా పరవాలేదు. తగ్గితే రెండు మూడు క్లిక్కులు తెరిచి మళ్లీ చూడండి. గాల్లో ప్రొపెల్లర్ మీద లోడ్ తగ్గి ఇంజిన్ ఇంకా వేగంగా తిరుగుతుంది, కింద ఉన్నప్పటికంటే లీన్ అవుతుంది. కింద పీక్‌లో పెట్టి ఎగరేస్తే పైన వేడెక్కి ఆగిపోయేది అందుకే.

వాతావరణం కూడా లెక్కే. డిసెంబర్ పొద్దున్న చల్లని గాలి చిక్కగా ఉంటుంది, ఒకటి రెండు క్లిక్కులు తెరవాలి. మే నెల మధ్యాహ్నం అదే సెట్టింగ్ రిచ్‌గా అనిపిస్తుంది. సముద్రమట్టంలో ఉన్న ఊరి నుంచి అయిదొందల మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌కి తెచ్చినా అంతే.

లో స్పీడ్

చాలామంది చిక్కుకునేది ఇక్కడ. ముందు మీ కార్బ్యురేటర్ ఏ రకమో చూడండి. ముందువైపు చిన్న గాలి రంధ్రం, దానికి అడ్డంగా స్క్రూ ఉంటే అది ఎయిర్ బ్లీడ్. ఆ స్క్రూ లోపలికి బిగిస్తే గాలి తగ్గి రిచ్ అవుతుంది. కార్బ్యురేటర్‌లో తిరిగే బ్యారెల్‌కి పక్కన, థ్రాటిల్ ఆర్మ్ మధ్యలో స్క్రూ ఉంటే అది రెండో నీడిల్. దాన్ని లోపలికి బిగిస్తే లీన్ అవుతుంది. రెండూ తిరగబడి పనిచేస్తాయి, ఇది తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

హై స్పీడ్ సెట్ అయ్యాకే దీన్ని ముట్టుకోండి. ఐడిల్‌ని 2,500 దగ్గర పెట్టి, ట్యూబు నొక్కి పట్టుకోండి. రెండు మూడు సెకన్లలో ఆర్‌పీఎం కొంచెం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉంది. నొక్కీ నొక్కగానే ఆగితే లీన్, అయిదారు సెకన్లు లాగుతూ ఎగబాకితే రిచ్. స్క్రూని ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, ప్రతి మార్పు తర్వాత థ్రాటిల్ ఒకసారి పూర్తిగా తెరిచి లోపల పేరుకున్న ఫ్యూయల్ పోగొట్టి మళ్లీ చూడండి.

ఇప్పుడు ఇరవై సెకన్లు ఐడిల్‌లో ఉంచి థ్రాటిల్ ఒక్కసారిగా తెరవండి. పొగ కక్కుతూ, తడబడుతూ అందుకుంటే రిచ్. పొగ లేకుండా టక్కున ఆగితే లీన్. రెండు నీడిల్స్ ఉన్న కార్బ్యురేటర్‌లో ఒకటి మారిస్తే రెండోది కొంచెం కదులుతుంది కాబట్టి చివర్లో హై స్పీడ్ మళ్లీ ఒకసారి చూసుకోండి.

సెట్టింగ్ నిలవనప్పుడు

నీడిల్ ముట్టుకోకముందు వెతకాల్సినవి ఇవి. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు బాగా ఉండి సగమయ్యేసరికి లీన్ అవుతుంటే ట్యాంక్ మరీ కిందున్నట్టు, లేదా వైబ్రేషన్‌కి ఫ్యూయల్ నురగ కడుతోంది, ట్యాంక్ చుట్టూ మెత్తని ఫోమ్ పెట్టండి. ముక్కు పైకెత్తినప్పుడే ఆగుతుంటే ట్యాంకు లోపల కొసన బరువున్న ట్యూబు ముందుకి మడతపడి ఉండొచ్చు, గట్టి ల్యాండింగుల తర్వాత ఇది మామూలే. గ్లో డ్రైవర్ తీయగానే ఆర్‌పీఎం పడిపోతే ప్లగ్ పోయింది, లేదా లో స్పీడ్ రిచ్‌గా ఉంది. ఆర్‌పీఎం దానంతట అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే గాలి లీక్: నడుస్తున్న ఇంజిన్ మీద కాకుండా, ఆపి ట్యూబులో సూది రంధ్రాలు, ఓ-రింగులు, బ్యాక్‌ప్లేట్ ఒక్కొక్కటీ చూడండి. ప్లగ్ తీగ నలిగి, మెలి తిరిగి ఉంటే మరీ లీన్‌గా నడిపారు, లేదా మీ ఫ్యూయల్‌లోని నైట్రోకి కంప్రెషన్ ఎక్కువైంది. హెడ్ కింద 0.1 మిల్లీమీటర్ షిమ్ (పల్చని లోహపు రింగు) ఒకటి అదనంగా వేస్తే ఈ రెండో బాధ పోతుంది. ప్లగ్ మీద మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపిస్తే ఇంజిన్ విప్పి చూసేదాకా నడపకండి.

ఎగరేశాక

మొదటి పది ఫ్లైట్లు కొంచెం రిచ్ వైపే ఉంచండి, ఇంజిన్ పూర్తిగా కుదురుకునేది గాల్లోనే. రోజు ముగిశాక ట్యాంకులో ఫ్యూయల్ వదలకండి. ఐడిల్‌లో ట్యూబు పీకి, లోపలిదంతా మండి ఆగిపోనివ్వండి, ఆగాక గ్లో డ్రైవర్ పెట్టి మళ్లీ తిప్పితే మిగిలిందీ పోతుంది. తర్వాత కార్బ్యురేటర్‌లోకి, ప్లగ్ రంధ్రంలోకి సన్నని మెషీన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేసి చేత్తో తిప్పండి. మెథనాల్ పీల్చుకున్న తేమ వల్ల బాల్ బేరింగులు తుప్పు పట్టేది ఇంజిన్ పక్కన పెట్టిన రోజుల్లోనే, వర్షాకాలంలో మరీనూ. నెలల తర్వాత తీసినప్పుడు ఆముదం జిగురుగా మారి షాఫ్ట్ తిరగకపోతే ప్రొపెల్లర్‌తో మెలిపెట్టకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే అదే వదులుతుంది.